వెన్ను చూపిన పిల్లవాడు

హవల్లీలో ఇబ్న్ ఖల్దూన్ పేరిట ఒక వీధి ఉంది. కువైట్ వాసులకు అది ఒక చరిత్రకారుడి స్మారకంగా కన్నా కంప్యూటర్లు, ఫోన్లు కొనుక్కునే, బాగు చేయించుకునే చోటుగానే ఎక్కువ పరిచయం. పగిలిన తెర మార్పించుకోవడానికో, పాత ఫోను ఇచ్చి కొత్తది తీసుకోవడానికో అక్కడికి వచ్చేవారిలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల వారూ ఉంటారు. ఆ ఫోను ఇంటికి డబ్బు పంపడానికి, పిల్లల ముఖాలు చూడడానికి, సెలవు రోజున తీసుకున్న రీలు పెట్టడానికి పనికివస్తుంది. రీలు పెట్టిన తరువాత ఎందరు చూశారు, ఎందరు మెచ్చారు అన్న లెక్క కోసం మళ్ళీ మళ్ళీ తెరిచి చూసేదీ దానినే. ఆ వీధికి పేరిచ్చిన మనిషి 600 ఏళ్ళకు పైబడిన కాలం కిందట ఈ లెక్క గురించే ఒక అధ్యాయంలో కొన్ని పుటలు రాసిపెట్టాడన్న సంగతి అక్కడ ఎవరికీ అవసరం లేదు. చరిత్ర చదువుకునేవారికి మాత్రం అది విచిత్రమైన యాదృచ్ఛికం.

ఇబ్న్ ఖల్దూన్ 1332లో ట్యూనిస్‌లో పుట్టాడు. (ఆ నగరం పేరుతోనూ హవల్లీలో ఒక వీధి ఉంది.) ఫెజ్, గ్రనడా, బూజీ దర్బారులలో కొలువు చేశాడు. మంత్రాంగం నడిపాడు, పక్షాలు మార్చాడు, ఫెజ్‌లో రెండేళ్ళకు కాస్త తక్కువగా చెరసాలలో ఉన్నాడు. 1375లో రాజకీయాలకు దూరంగా, నేటి అల్జీరియాలోని ఇబ్న్ సలామా కోటలో తలదాచుకుని, 1377లో 'ముఖద్దిమా' తొలి ప్రతిని అయిదు నెలలలో పూర్తి చేశాడు. రాజ్యాలు ఎలా పుడతాయి, ఎలా చస్తాయి అన్న సిద్ధాంతానికే ఆ గ్రంథానికి పేరు. యుద్ధాల గురించి రాసిన అధ్యాయం చివర, దాదాపు పక్కదారి పట్టినట్లుగా, ఆయన కీర్తి ప్రస్తావన తెస్తాడు.

యుద్ధంలో గెలుపు సైన్యం సంఖ్య మీదా ఆయుధాల మీదా మాత్రమే ఆధారపడదనీ, కంటికి కనిపించని కారణాలే ఎక్కువగా తీర్పు చెబుతాయనీ ఆయన వాదన. కీర్తి కూడా అటువంటిదే అంటాడు. రాజులైనా, పండితులైనా, సాధువులైనా అర్హులకు అర్హమైనంత కీర్తి దక్కడం అరుదట. అనర్హులకు దక్కడం, అర్హులకు అసలు దక్కకపోవడం సాధారణమట. అందుకు ఆయన చూపే కారణాలు ఈనాటి పాఠకుడిని కుర్చీలో నిటారుగా కూర్చోబెడతాయి. కీర్తి అనేది కబురు మీద ప్రయాణం చేస్తుంది. కబురు చేతులు మారినకొద్దీ దాని అసలు ఉద్దేశం మరుగున పడుతుంది. చెప్పేవాడి పక్షపాతం అందులో చేరుతుంది, ఊహ చేరుతుంది, పరిస్థితులకూ కథనానికీ పొంతన ఉందో లేదో తెలియని అజ్ఞానం చేరుతుంది. అన్నిటికీ మించి, పదవిలో ఉన్నవారి మెప్పు కోసం చేసే పొగడ్త చేరుతుంది. ఇన్ని వంకరల గుండా వచ్చినది సత్యానికి సరిపోవడం ఎలా సాధ్యమని ఆయన ప్రశ్న. ఆ దాగి ఉన్న కారణాల మొత్తానికే జనం 'బఖ్త్' అని, అంటే అదృష్టమని, పేరు పెట్టుకున్నారని ముగిస్తాడు.

ఇక్కడితో ఆగి ఉంటే, కొలువులు పోగొట్టుకున్న ఒక మాజీ మంత్రి నిట్టూర్పుగా దీన్ని కొట్టిపారేయవచ్చు. కానీ జీవనోపాధుల గురించిన మరో అధ్యాయంలో ఆయన రెండో వైపూ చూశాడు. హోదా ఉన్నచోటికి సంపద వస్తుందనీ, ముఖస్తుతి తెలిసినవారే ఎక్కువగా పైకి వస్తారనీ చెప్పి, వెంటనే తమ విద్య చూసుకుని గర్వించే పండితులను, లేఖకులను, కవులను పట్టుకుంటాడు. లోకానికి తమ అవసరం ఉందని వారు తమలో తాము ఒక లెక్క వేసుకుంటారు. ఆ లెక్క ప్రకారం గౌరవం అందకపోతే కుమిలిపోతారు, జనాన్ని ద్వేషిస్తారు, చివరకు జనం చేత ద్వేషింపబడతారు. అంటే జనం మెప్పు కోసం చేతులు చాచినవాడూ, జనాన్ని తృణీకరించి గదిలో కూర్చున్నవాడూ ఒకే తాటికి కట్టుబడి ఉన్నారు. ఒకడు అడుగుతున్నాడు, రెండోవాడు అలిగాడు.

హార్వర్డ్‌లో వైద్యపట్టా పుచ్చుకుని, వైద్యం చేయకుండా మనస్తత్వశాస్త్రంలోకి వెళ్ళిపోయిన విలియం జేమ్స్ 1890లో ఇదే సంగతిని భిన్నంగా, అక్షరాలా గణితంలోని భిన్నంగానే, రాశాడు. మనిషికి తన మీద ఉండే గౌరవం అతను సాధించినదాన్ని అతను ఆశించినదానితో భాగిస్తే వచ్చేది. ఆ సూత్రంలో ఒక లోపం ఉంది. పైనున్న అంకెను ఎవరు వేస్తారో జేమ్స్ సూత్రం చెప్పదు. 2009 ఫిబ్రవరి 9న ఫేస్‌బుక్ 'లైక్' మీటను ప్రవేశపెట్టిన తరువాత ఆ అంకెను వేసే పని అపరిచితుల చేతికి పోయింది. అది గంట గంటకూ మారుతుంది, పైగా నలుగురికీ కనిపిస్తుంది.

ఆ అంకెను తన చేతిలో ఉంచుకున్న ఒక మనిషి చరిత్ర కువైట్‌కు చెందినదే.

1990కి ముందు కువైట్‌లో దాదాపు నాలుగు లక్షల మంది పాలస్తీనీయులు ఉండేవారు. హవల్లీ వారి ప్రధాన నివాసస్థలం. కువైట్ పాఠశాలల్లో పాఠాలు చెప్పినవారిలో, కార్యాలయాలు, ఆసుపత్రులు, పత్రికలు నడిపినవారిలో వారి పాలు చాలా పెద్దది. 1950ల రెండో సగంలో ఇక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేసిన గస్సాన్ కనఫానీ తరువాత అరబీ గద్యంలో పెద్ద పేరయ్యాడు. 1963లో వచ్చిన ఆయన చిన్న నవల 'రిజాల్ ఫి అల్-షమ్స్'లో ముగ్గురు పాలస్తీనీయులు బస్రా నుంచి కువైట్‌కు ఖాళీ నీళ్ళ ట్యాంకరులో దాక్కుని ప్రయాణం చేస్తారు. సరిహద్దు కచేరీలో ఒక అధికారి, డ్రైవరుకు బస్రాలో ఒక నర్తకితో సంబంధం ఉందన్న వదంతిని పట్టుకుని, పరిహాసాలాడుతూ కాలయాపన చేస్తాడు. ఆగస్టు ఎండలో కాలే ఇనుప తొట్టెలో ఆ ముగ్గురూ చనిపోతారు. నవల చివరి ప్రశ్న, లోపలివారు గోడలు ఎందుకు తట్టలేదన్నది, అరబీ సాహిత్యంలో ఎంతో చర్చకు గురైంది. ఆ చర్చ వెలుగులో వదంతి సంగతి కాస్త మరుగున పడింది. డ్రైవరు గురించి ఊళ్ళో పుట్టిన ఒక అబద్ధపు ప్రతిష్ఠ, అదీ ముచ్చట గొలిపే ప్రతిష్ఠ, ముగ్గురి ప్రాణాలు తీసింది. కబురు చేతులు మారడం గురించి ఇబ్న్ ఖల్దూన్ చెప్పినదానికి ఇంతకన్నా క్రూరమైన ఉదాహరణ దొరకదు.

ఈ కనఫానీయే, దక్షిణ లెబనాన్‌లోని అయిన్ అల్-హిల్వే శరణార్థి శిబిరంలో ఒక యువకుడు వేసిన బొమ్మలు చూసి, 1961లో తన పత్రికలో అచ్చు వేయించాడు. ఆ యువకుడు నాజీ అల్-అలీ. గలిలీ ప్రాంతంలోని అల్-షజరా గ్రామంలో పుట్టి, 1948లో పదేళ్ళ వయసులో ఊరు వదిలి వచ్చినవాడు. 1963లో కువైట్ చేరాడు. కాస్త డబ్బు కూడబెట్టి చిత్రకళ చదువుకోవాలన్నది ఆశ. గల్ఫ్‌కు వచ్చే ప్రతివాడి ఆశా మొదట అలాగే ఉంటుంది: రెండేళ్ళు, మూడేళ్ళు, ఆ తరువాత అసలు జీవితం. నాజీ విషయంలోనూ అది అలా జరగలేదు. 'అల్-తలీఆ' వారపత్రికలో, తరువాత 'అల్-సియాసా' దినపత్రికలో వ్యంగ్య చిత్రకారుడిగా స్థిరపడ్డాడు.

1969 జూలైలో ఆయన బొమ్మల్లోకి ఒక పిల్లవాడు వచ్చాడు. పేరు హందలా. అరబీలో హంజల్ అంటే చేదుపుచ్చ. ఎడారిలో నేలబారున పాకే తీగ, ఎండకు చావదు, నరికితే మళ్ళీ చిగురిస్తుంది. పాత వైద్య గ్రంథాల్లో అది తీవ్రమైన విరేచనకారి అన్న సంగతి నాజీ మనసులో ఉందో లేదో గాని, రాజుల, నాయకుల కడుపులో ఆ పిల్లవాడు చేసిన పని దాదాపు అదే. చెప్పులు లేని కాళ్ళు, మాసికలు వేసిన బట్టలు, ముళ్ళపందిలా నిక్కిన జుట్టు. వయసు పదేళ్ళు. నాజీ ఊరు వదిలిన వయసు అది, ఊరికి తిరిగి వెళ్ళేదాకా వాడు పెరగడు. 1973 యుద్ధం తరువాత హందలా పాఠకుడికి వీపు తిప్పేశాడు. చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మలోని దృశ్యాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆ తరువాత వాడి ముఖం ఎవరికీ కనిపించలేదు.

ఎందుకు అలా చేశాడన్నదానికి రాజకీయ కారణం అందరికీ తెలుసు. ఆ ప్రాంతం మీద అమెరికా రుద్దబోయే ఒప్పందాలకు వాడు వీపు చూపాడు. దానికన్నా ముందటి మాట ఒకటుంది, దాన్ని నాజీయే చెప్పుకున్నాడు. కువైట్‌లో జీతం ఉంది, చల్లని గది ఉంది, కారు ఉంది, పేరు వస్తోంది. ఈ సౌఖ్యంలో తాను ఎక్కడినుంచి వచ్చాడో మరిచిపోతానేమోనన్న భయం ఆయనకు పట్టుకుంది. తనను కాపలా కాయడానికి శిబిరపు పిల్లవాణ్ణి ఒకణ్ణి బొమ్మలో నిలబెట్టుకున్నాడు. అంటే హందలా మొదటి ఉద్యోగం పాఠకులను ఆకట్టుకోవడం కాదు, చిత్రకారుణ్ణి గమనించడం. బొమ్మ బాగా వచ్చిందా లేదా అన్నది పాఠకుల ఉత్తరాలను బట్టి తేలదు. ఆ పదేళ్ళవాడు సిగ్గుపడకుండా చూడగలడా అన్నదాన్ని బట్టి తేలుతుంది. జేమ్స్ సూత్రంలో పైఅంకెను వేసే అధికారాన్ని నాజీ ఒక బొమ్మకు రాసిచ్చాడు.

దీన్ని వైరాగ్యమని పొరబడకూడదు. నాజీ చిత్రాలు నలుగురూ చూడాలనే గీశాడు. ప్రతిరోజూ గీశాడు, వేలకు వేలు గీశాడు. అరబ్బు ప్రపంచంలో పత్రికను చివరి పుట నుంచి తెరవడం చాలామందికి ఆయన వల్లే అలవాటయిందంటారు. జనం చూడడాన్ని ఆయన కోరుకున్నాడు. తన విలువను నిర్ణయించే హక్కు మాత్రం వారికి ఇవ్వలేదు. ఈ రెంటికీ నడుమ ఉన్న గీతను ఆయనంత స్పష్టంగా గీసినవారు తక్కువ. అందుకు మూల్యం ఉంది. ఏ పక్షమూ ఆయన్ను పూర్తిగా తన మనిషి అనుకోలేదు. తన సొంత జనపు నాయకత్వాన్ని కూడా ఆయన వదిలిపెట్టలేదు. బేరూత్‌లో కొన్నేళ్ళు పనిచేసి, 1983లో 'అల్-ఖబస్' పత్రిక కోసం మళ్ళీ కువైట్ వచ్చినవాణ్ణి 1985లో దేశం విడిచి వెళ్ళమన్నారు. లండన్ చేరాడు. 1987 జూలై 22న పత్రికా కార్యాలయం బయట వీధిలో ఎవరో తలలోకి కాల్చారు. అయిదు వారాలు స్పృహ లేకుండా ఉండి ఆగస్టు చివర మరణించాడు. లండన్ పోలీసులు 2017లో మళ్ళీ దర్యాప్తు తెరిచారు. ఆ హత్యకు ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు.

నాజీ కువైట్‌లో బొమ్మలు గీస్తున్న ఆ 1960లలోనే విశాఖపట్నంలో ఒక బడిపంతులు తన కథలకు తానే హందలాగా నిలబడ్డాడు. కాళీపట్నం రామారావు 1924 నవంబరు 9న శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. సెయింట్ ఆంథొనీస్ పాఠశాలలో 1948 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఉపాధ్యాయుడు. 1940లలోనే కథలు రాయడం మొదలుపెట్టారు, పత్రికలు వేసుకుంటున్నాయి, పేరు వస్తోంది. అటువంటి వేళ, 1950ల నడిమి భాగం దాటాక, ఆయన కొన్నేళ్ళ పాటు కథలు రాయడం మానేశారు. పత్రికలు తిప్పి పంపినందుకు కాదు. రాసినవి తనకే నచ్చనందుకు. చదివినవాడి జీవితానికి ఆ కథలు ఏం చేస్తున్నాయన్న ప్రశ్నకు తన దగ్గర సమాధానం లేనందుకు. తిరిగి వచ్చినప్పుడు రాసినవి 'తీర్పు', 'యజ్ఞం', 'ఆర్తి', 'చావు', 'నోరూమ్' వంటి కథలు. 'యజ్ఞం' ముగింపు మీద దశాబ్దాల తరబడి వాదోపవాదాలు నడిచాయి. ఆయనను పొగిడినవారూ, ఆ ముగింపును తప్పు పట్టినవారూ చాలామందే. ఆయన ఆ చర్చను విన్నారు, కానీ ఆ చర్చ వేడి మీద కథలు కాయించుకోలేదు. 1970ల తొలినాళ్ళు దాటిన తరువాత ఆయన రాసిన కథలు అతి స్వల్పం.

రాయకపోవడాన్నే ఒక తపస్సుగా పూజించడం తెలుగు సాహిత్యలోకానికి ఇష్టం. కారా మాస్టారి మౌనం గురించి అటువంటి భక్తివ్యాసాలు చాలా ఉన్నాయి. నిజానికి ఆయన రాయని కథలు పాఠకుడికి నష్టమే, ఆ మాట చెప్పుకోవడంలో అపచారం లేదు. గమనించవలసినది మౌనాన్ని కాదు, ఆ మౌనంలో ఆయన చేసిన పనిని. 1995లో 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురస్కారాల సొమ్ము, పొదుపు, పరిచయాలు అన్నీ కలిపి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తన కథల కోసం కాదు. తెలుగులో కథ రాసిన ప్రతివాడి కథ కోసం. ఒక్క కథ రాసి ఊరుకున్నవారు, పత్రిక మూతపడడంతో పేరు మాసిపోయినవారు, సొంత ఊళ్ళో కూడా ఎవరికీ గుర్తులేనివారు, అందరికీ అక్కడ చోటుంది. పాత పత్రికల కోసం ఆయన ఉత్తరాలు రాశారు, ఊళ్ళు తిరిగారు, అటకలు వెతికించారు. ఇబ్న్ ఖల్దూన్ చెప్పిన ఆ 'బఖ్త్' వల్ల వెలుగులోకి వచ్చినవారినీ, రానివారినీ ఒకే అరలో పక్కపక్కన నిలబెట్టిన సంస్థ తెలుగులో మరొకటి వెతకాలి. ఆయన 2021 జూన్ 4న కన్నుమూశారు.

నాజీ, రామారావు ఇద్దరికీ పని ఉంది, చేతిలో విద్య ఉంది, ఎదురుచూసే పత్రిక ఉంది. తమ విలువను మంది లెక్క నుంచి వేరు చేసుకునే స్థోమత వారికి ఉంది. మరి హవల్లీ అపార్టుమెంటులో పనిచేసే కడప జిల్లా స్త్రీకి ఆ స్థోమత ఏ మేరకు ఉన్నట్టు? 1990 ఆగస్టు 2న ఇరాక్ దాడి, ఆ తరువాతి పరిణామాలతో పాలస్తీనీయులలో అత్యధికులు కువైట్ విడిచి వెళ్ళారు. అదే మేడలలోకి ఈజిప్టు, సిరియా, భారతదేశం, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవారు చేరారు. నేడు కువైట్‌లో భారతీయులు పది లక్షల వరకు ఉన్నారు. ఇళ్ళల్లో పనిచేసేవారికి 2015 నాటి 68వ చట్టం వారానికి ఒక సెలవు ఇచ్చింది. మరుసటి ఏడు కనీస వేతనం నెలకు 60 దినార్లుగా నిర్ణయించారు. ఆ వారపు సెలవు మీదే 2018 జూలైలో, ఇరవై మూడు లక్షల మంది ఫాలోవర్లున్న ఒక కువైటీ సౌందర్య ప్రసాధన ప్రముఖురాలు ఒక వీడియోలో విసుక్కుంది. పనిమనిషి పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకోకూడదంటే ఎలాగని ప్రశ్నించింది. కొన్ని సంస్థలు ఆమెతో ప్రకటనల ఒప్పందాలు తెంచుకున్నాయి. పాస్‌పోర్టు బీరువాలో ఉన్న మనిషికి ఫాలోవర్లు లేరు.

మరుసటి సంవత్సరం, 2019 అక్టోబరు చివర, బీబీసీ అరబీ విభాగం ఒక పరిశోధన బయటపెట్టింది. కువైట్‌కు కొత్తగా వచ్చిన దంపతులమని చెప్పుకుని విలేకరులు ఒక అమ్మకాల యాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికితే, ఇంటి పనివారిని ఫొటోతో, జాతి పేరుతో, ధరతో 'బదిలీకి' పెట్టిన ప్రకటనలు కుప్పలుగా కనిపించాయి. వారిని కలిసిన వారిలో గినీ దేశపు పదహారేళ్ళ పిల్ల కూడా ఉంది. ఫేస్‌బుక్ ఆ ప్రకటనలకు వాడే ఒక హ్యాష్‌టాగ్‌ను తొలగించింది. కువైట్ ప్రభుత్వం ఆ ఖాతాల యజమానులను పిలిపించింది. ఒకే తెర, ఒకే వేలితో జరిపే వరస. పైబొమ్మలో ఒక అమ్మాయి తన నవ్వుకు ఎన్ని లైకులు వచ్చాయో చూసుకుంటోంది. కిందిబొమ్మలో మరొక అమ్మాయి నవ్వకుండా నిలబడితే ఇంకెవరో ధర రాశారు. ఈ రెండు బొమ్మలూ ఒకే వ్యాపారం కావని చెప్పడం సులువు. ఒకే యంత్రం మీద ఎందుకు ఇంత సాఫీగా నడిచాయో చెప్పడం కష్టం.

అదే 2019 జూలైలో ఇన్‌స్టాగ్రామ్ కొన్ని దేశాలలో లైకుల సంఖ్యను ఇతరులకు కనిపించకుండా దాచి చూసింది. 2021 మేలో దాచుకోవడం, చూపుకోవడం వాడేవారి ఇష్టానికి వదిలేసింది. ఇతరులకు దాచినా, ఖాతాదారుకు తన సంఖ్య కనిపిస్తూనే ఉంటుంది. రోగి తప్ప ఇంకెవరూ చూడకుండా జ్వరమాపకాన్ని రోగి చేతికే ఇచ్చి, గంటకోసారి చూసుకోమన్నట్టు.

ఈ కథకు ఎదురువాదం కూడా కువైట్‌లోనే ఉంది, దాన్ని దాటవేయకూడదు. 2024 జూలైలో రాయలసీమకు చెందిన ఒక కార్మికుడు కువైట్ ఎడారిలో ఒంటరిగా పశువుల మధ్య చిక్కుకుని, తనను కాపాడమని ఏడుస్తూ ఫోనులో ఒక వీడియో తీసి పంపాడు. అది వేలమందికి చేరింది. మంత్రి నారా లోకేశ్ దృష్టికి వచ్చింది. రాయబార కార్యాలయం కదిలింది. ఆ నెలలోనే అతను ఇల్లు చేరాడు. కనఫానీ నవలలోని ముగ్గురు తట్టని గోడను అతను తట్టాడు, గోడ అవతల జనం విన్నారు. అతని విషయంలో చూసినవారి సంఖ్యే ప్రాణం. ఇటువంటి మనిషికి పోయి, జనం మెప్పును పట్టించుకోవద్దని హితబోధ చేసేవాడు మూర్ఖుడు. అయితే అతను అడిగినది మెప్పు కాదు. తాను మంచివాడని, అందగాడని, ప్రతిభావంతుడని చెప్పమనలేదు. తాను ఇక్కడ ఉన్నానని మాత్రం చెప్పాడు. నాజీకి ఈ తేడా తెలుసు. శిబిరంలో జనం ఉన్నారని లోకం చూడాలి, ఆ పిల్లవాడి ముఖం ఎంత బాగుందో లోకం తేల్చనక్కరలేదు.

మెప్పు కోరే వీడియోకూ, మొర పెట్టే వీడియోకూ నడుమ తేడా ఫోనుకు తెలియదు. రెంటినీ అది ఒకే కొలతతో ముందుకు తోస్తుంది, లేదా కింద పడేస్తుంది. ఏడుపు సరిగా పడని వీడియో, వెలుతురు లేని గదిలో తీసినది, చూసేవాడు మూడు క్షణాలలో పైకి జరిపేసినది ఎవరికీ చేరదు. కొలువులు పోయిన ఇబ్న్ ఖల్దూన్ 'బఖ్త్' అన్నది దీన్నే.

కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి శ్రామిక విభాగం ఉంది, ఇంటినుంచి పారిపోయి వచ్చిన పనివారైన స్త్రీలకు ఆశ్రయమూ ఉంది. అక్కడ ఫిర్యాదు కాగితం మీద పేరు, పాస్‌పోర్టు సంఖ్య, యజమాని వివరం, రావలసిన జీతం రాస్తారు. ఎందరు చూశారన్న గడి ఆ కాగితంలో లేదు.